పేరు చేపలు

మా మనుమరాలి చేపల తొట్టి అడుగున ఐదు నున్నటి రాళ్లు ఉన్నాయి. మొన్నామధ్య తొట్టి కడుగుదామని వాటిని బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నప్పుడు, పైన పట్టిన పచ్చటి పాచి నుంచి ఒక వాసన లేచింది. తడిరాయి, పాత నీళ్లు, ఎండ తగలని మెట్టు, మూడూ కలిసిన వాసన. వనపర్తిలో మేం అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో నిలబడే ఉన్నాను, కూలరు చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా నా కాళ్ల కింద మెట్లు కిందికి దిగుతున్నట్టు అనిపించి గోడ పట్టుకున్నాను.

"అవ్వా, అద్దం మొత్తం పచ్చగైంది. అమ్మ కనిపిస్తనే లేదు" అంది మేఘన, తొట్టికి ముక్కు ఆనించి.

అమ్మ అంటే చేప. నా బిడ్డ, అల్లుడు పూణెలో ఉంటారు. అల్లుడు పెద్ద భవనాలు కట్టేచోట క్రేన్ నడుపుతాడు, నా బిడ్డ అక్కడి కూలీలకు వంట చేస్తుంది, చిన్న మనుమడు వాళ్ల దగ్గరే. మేఘన చదువు కోసం నా దగ్గర ఉంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు అల్లుడు ఈ గాజు తొట్టి, మూడు బంగారు రంగు చేపలు కొనిచ్చి పోయాడు. వాళ్లను బస్సెక్కించి ఇంటికి రాగానే పిల్ల వాటికి పేర్లు పెట్టింది. పెద్దది డాడీ, మధ్యది అమ్మ, తోక ఊపుతూ తిరిగేది చిన్నోడు. ఎవరు చెప్పారు ఈ పిల్లకు? మా ఊరి బావి సంగతి నేను నా బిడ్డకు కూడా ఏనాడూ చెప్పలేదు.

మా ఊరు రాజోలి దిక్కు, తుంగభద్రకు కోసెడు దూరంలో ఉండేది. నది అంత దగ్గరున్నా మా పొలాలకు దాని నీళ్లు ఎక్కేవి కావు. ఎర్రచెలకల్లో వేరుశనగ బుడ్డలు, జొన్నలు, ఆముదాలు వాన పడితే పండేవి, లేకుంటే ఎండేవి. బుడ్డలు పీకే కాలంలో ఊరంతా పచ్చి మట్టి వాసన వేసేది. పెద్దలు కాయలు తెంపుతుంటే పిల్లలం పాలు కారే లేత కాయలను ఒడిలో దాచుకుని నమిలేవాళ్లం. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఎగిరి, మలీద ముద్దలు పెట్టించుకునేవాళ్లం. క్రిస్మసుకు మా వాడలో వెదురుబద్దల నక్షత్రం కట్టి, మా అవ్వ చేసిన బెల్లం గారెలను ఇల్లిల్లూ పంచేవాళ్లం. ఉగాదికి పూర్ణం పెట్టిన బచ్చాలు. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె పుట్టిన రోజున, ఊళ్లో ఏ పొయ్యి మీద చూసినా చింతపండు వేసిన చేపల పులుసు ఉడికేది.

మా వాడ వెనక మెట్ల బావి ఉండేది. తాగే నీళ్లు అవే. రాతి మెట్లు నీళ్లలోకి దిగిపోయి ఎంతవరకు ఉన్నాయో కనబడకుండా పోయేవి. మధ్యాహ్నం ఎండ సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు మాత్రం మరో నాలుగు మెట్లు పచ్చగా కనిపించి, ఎండ వాలగానే మాయమయ్యేవి. ఆ మెట్ల మీద కూర్చుని మా అక్క సుగుణ నాకు అచ్చనగండ్లు నేర్పింది. నది ఒడ్డున ఏరుకొచ్చిన ఐదు రాళ్లతో ఆడేది. రాయిని ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు మిగిలిన నాలుగూ ఊడ్చి పట్టేది. ఆమె చేతిలోంచి రాయి జారగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మా వాడ నుంచి ఏటా కొందరు వలస పోయేవాళ్లు. గుంపు మేస్త్రి వచ్చి మనుషులను మాట్లాడుకుని, దూరాన ఎక్కడో కట్టే డ్యాములకు, కాలువలకు తీసుకుపోయేవాడు. పోయే ముందు రోజు పొద్దున ప్రతి మనిషీ వాగులో తువ్వాలతో ఒక చిన్న పరక చేపను పట్టుకుని, చెంబులో వేసుకుని బావికి వచ్చేవాడు. నీళ్లను తాకే మెట్టు మీద కూర్చుని, చెంబులోకి వంగి తన పేరు తానే చెప్పుకుని, చేపను విడిచి, వెనక్కి చూడకుండా మెట్లెక్కిపోయేవాడు. దాన్ని పేరు చేప అనేవాళ్లం. మనిషి తిరిగి వచ్చేదాకా వాడలో ఉన్నవాళ్లు ఆ చేపకు తిండి పెట్టాలి. తిరిగొచ్చిన మనిషి ఇంటికన్నా ముందు బావికి పోయి, దోసెడు నీళ్లు తాగి, తన చేపకు రొట్టె ముక్క వేసి, అప్పుడు గడప తొక్కాలి. బావి చేపను ఎవరూ పట్టరు, తినరు. ఇది ఎప్పటి నుంచి ఉందని అడిగితే మా అవ్వ, "నీళ్లున్నప్పటి సంది" అనేది.

ఆ ఏడు నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మేస్త్రి నాయనను జోడీగా వస్తేనే పనిలోకి తీసుకుంటానన్నాడు, ఆడ మగ కలిసి. అమ్మ చంకలో నెలల పిల్లాడు. నాయనకు జోడీగా అక్క బయల్దేరింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాడ నుంచి మొత్తం ఏడుగురు. అక్క పట్టిన చేపకు తోక ఒక పక్క చిరిగి ఉంది. విడిచిన తర్వాత అందరిలాగే వెనక్కి తిరగకుండా మెట్లెక్కి, పైకొచ్చాక తన ఐదు రాళ్లూ నా గౌనులో పోసి, "దేవీ, నేనొచ్చేసరికి చెయ్యి తిరగాలె. లేకుంటే నీ జడ కోస్త" అంది.

చేపలకు తిండి పెట్టే పని అవ్వది. రోజూ పొద్దున జొన్నరొట్టె పలుకులు పట్టుకుని మెట్లు దిగి, నీళ్లలో వేలు పెట్టి, ఒక్కొక్క పేరే పిలిచేది. చేపలు ఒక్కొక్కటే చీకట్లోంచి పైకి తేలేవి. పిలిచిన పేరుకు పిలిచిన చేపే వచ్చేదా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. ఏడు పేర్లు పిలిస్తే ఏడు చేపలు వచ్చేవి, అంతే.

చలి తగ్గాక బావిలో నీళ్లు తగ్గాయి, పాచి పెరిగింది. మెట్ల మీదికి మెత్తటి పచ్చడం పరిచినట్టు పాకింది. ఒక పొద్దున అవ్వ కాలు జారి పడి నడుము పట్టేసింది. ఆమెను మంచంలో వేశారు. అమ్మకు పిల్లాడితోనే సరిపోయేది. రొట్టె పలుకులు నా చేతికి వచ్చాయి.

"ఏడుగురు రాంగనే ఇంటికొచ్చి నాకు చెప్పాలె. ఒక్కరు తక్కువైనా చెప్పాలె" అంది అవ్వ.

నేను ఆ పాచి మీద పగ పట్టాను. అవ్వను పడేసింది అదే. నీళ్లకు వాసన తెచ్చిందీ అదే. కొబ్బరిపీచుతో గీకితే మర్నాటికి మళ్లీ పట్టేది. అప్పుడే ఊళ్లోకి తిమ్మక్క చేపల కుండతో వచ్చింది. నది ఒడ్డు బెస్తవాళ్ల ఆడమనిషి. మాటకు ముందు కన్నడం, వెనక తెలుగు కలిపేది.

"అత్తా, పాశి తినే చేప ఉంటదా?" అని అడిగాను.

"ఎందుకుండదు? రాళ్లకు కరుసుకొని నాకుతనే ఉంటది. చిన్న చిన్న మీసాలుంటయి" అంది, ఎవరితోనో బేరమాడుతూ.

నేను ఒడిలోని బుడ్డలు ఆమె గంపలో పోసి, కుండలోకి చూశాను. అడుగున జానెడు పొడుగున, మీసాలున్న చేప ఒకటి కదలకుండా పడుకుని ఉంది. మిగతావి ఎగురుతుంటే అది నావైపే చూస్తోంది. చెంబులో వేసుకుని బావికి పరుగెత్తాను. దానికి పేరు చెప్పలేదు. పేరు లేని చేపను ఆ బావిలో విడిచిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. విడిచి, పైకెక్కుతూ వెనక్కి తిరిగి కూడా చూశాను.

మూడో రోజు ఆరు చేపలే వచ్చాయి. ఏడో పేరు నాలుగుసార్లు పిలిచాను. అది మా వాడ సుంకన్న పెదనాయన పేరు.

ఇంటికి పోతే అవ్వ మంచంలోంచి, "అందరొచ్చిండ్రా?" అంది.

"అందరొచ్చిండ్రు" అన్నాను.

తర్వాత అయిదు. తర్వాత నాలుగు. పాచి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, ఇంకా దట్టమైంది. పొద్దున్నే దిగి వేలు పెడితే నీళ్లు చాలాసేపు కదిలేవి కావు. అడుగున ఏదో పెద్దది పక్కకు ఒత్తిగిలినట్టు పచ్చదనం ఒకసారి మెల్లగా ఊగేది. నేను పేర్లను గట్టిగా పిలవడం మానేశాను. వినకూడనిది వింటుందేమోనని భయం. ఒక రోజు నాయన పేరు పిలిస్తే ఏదీ రాలేదు. ఆ రోజు కూడా ఇంటికి పోయి అందరొచ్చిండ్రు అన్నాను. అవ్వ నా మొహం వైపు చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

తిమ్మక్క మళ్లీ వచ్చినప్పుడు అడిగితే తల కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! నా కుండల నుంచి ఏరి ఏరి వాలుగ పిల్లను తీస్కపోయినవా? మీసాలు చూస్తరా ఎవరన్న? మూతి చూడాలె. మూతి కిందికుంటే పాశి తింటది. మూతి ముందుకుంటే చేపను తింటది."

ఉగాది అయ్యేసరికి ఒక్కటే మిగిలింది. తోక చిరిగినది. నీళ్లను తాకే మెట్టు కింద రాతి సందు ఒకటి ఉండేది. పాచి వేలాడి ఆ సందును మూసేసింది. అది అందులోంచి వచ్చి, నా వేలు తాకి, పలుకు అందుకుని, మళ్లీ అందులోకే పోయేది. అక్క ఉంది, అక్క వస్తుంది అనుకునేదాన్ని. నాయన చేప లేదు కదా అన్న ఆలోచన వస్తే ఐదు రాళ్లూ గుప్పిట్లో బిగించి పట్టుకునేదాన్ని.

మిరుగుకు రెండు రోజుల ముందు వాళ్లు వచ్చారు. అరుపులు విని నేను బావి దగ్గరికి ఉరికేసరికి ఒక్కొక్కరే మెట్లు దిగుతున్నారు. ముందు సుంకన్న పెదనాయన. ఆయన వెనక నలుగురు. అందరికన్నా వెనక నాయన, తల దించుకుని. వాళ్లు పిలుస్తున్నారు, రొట్టె వేస్తున్నారు. ఒక్క చేపా రావడం లేదు.

"ఏమే దేవీ, మా చేపలేవి? నువ్వే ఏంచుకొని తిన్నవా ఏంది?" అని సుంకన్న పెదనాయన నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. తన చేతిని తానే తడుముకున్నాడు. తర్వాత పక్కనున్న భార్యకు చెయ్యి చాపి, "ఓ పారి గిచ్చి చూడే. నేనున్న గదా?" అన్నాడు. ఆమె గిచ్చలేదు. తాకడానికి భయపడింది.

అప్పుడు రాతి సందులోంచి తోక చిరిగిన చేప వచ్చింది. ఆరుగురు మనుషుల ముందు, ఎవరూ పిలవకుండానే, నీళ్ల మీదికి తేలి, నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, అక్కడే నిలబడింది. నాయన దాన్ని చూసి మెట్ల మీద కూలబడిపోయాడు.

చేపలు పోయిన ఆరుగురూ తిరిగొచ్చారు. చేప మిగిలిన మా అక్క ఒక్కతే రాలేదు.

కాలువ పని దగ్గర ఒక మధ్యాహ్నం నీళ్లకని పోయిందట. నిండిన కడవ ఒడ్డు మీద ఉందట, పక్కన తలమీది చుట్టగుడ్డ మడిచి పెట్టి ఉందట. నాలుగు రోజులు కాలువ పొడుగునా వెతికారట. మనిషి కనబడలేదు. చనిపోయిందని చెప్పేందుకు ఏమీ దొరకలేదు. బతికుందని చెప్పేందుకు మా బావిలో చేప ఒక్కటి ఉంది. అమ్మ ఆ చేపనే పట్టుకుంది. పాదిరి వచ్చి ప్రార్థన చేస్తానంటే, "నా బిడ్డ పొద్దున్నే రొట్టె తిన్నది. ఎవరికి చేస్తవు ప్రార్థన?" అని పంపేసింది.

నేను వాలుగ సంగతి అవ్వకు చెప్పేశాను. చెప్పి, తన్నులకు సిద్ధంగా కూర్చున్నాను.

"పాశి తియ్యాలని నీకెవరు చెప్పిండ్రే? పాశి నీళ్లకు చీర అసుంటిది" అంది అవ్వ. నావైపు తిరిగి, "చేపలు తక్కువైతున్నయని నాకెరుకే. నీ నోట్లె అందరొచ్చిండ్రు అన్న మాట ఇననీకె రోజు అడుగుతుంటి" అంది.

వానలు రాకముందే వాడలోని మగవాళ్లంతా కలిసి బావి తోడారు. వాలుగ దొరికింది, మోచేతంత పొడుగైంది. ఎండలో పడేస్తే చాలాసేపటి దాకా చావలేదు. తిరిగొచ్చిన ఆరుగురిలో ఎవరూ దాని కంటికి ఎదురుగా నిలబడలేదు. మిరుగు దినాలే అయినా దాన్ని ఎవరూ వండలేదు, చెలకలో గుంత తీసి పూడ్చారు. ఆ ఏడు మా వాడలో ఏ ఇంట్లోనూ పులుసు వాసన రాలేదు. అక్క చేప ఉన్న రాతి సందులో నీళ్లు నిలిపి ఉంచమని అమ్మ పట్టుబట్టి, తోడినంతసేపూ ఆ మెట్టు మీద కాపలా కూర్చుంది.

నాకు పెళ్లయి కొల్లాపూర్ పక్క మామిడితోటల్లో కాపలా ఉండే ఇంటికి పోయాను. పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ, "అక్క వచ్చిందా?" అని అమ్మను అడిగేదాన్ని. "పొద్దున్నే వచ్చింది" అనేది. పరక చేప అన్నేళ్లు బతుకుతుందా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పెద్దబిడ్డ పుట్టాక ఒకసారి నేనే దిగి ఆ మెట్టు మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాను. వేలు పెట్టాను, పేరు పిలిచాను, అచ్చనగండ్ల రాళ్లు చప్పుడు చేశాను. పాచి కదిలింది. ఏదీ రాలేదు.

పైనుంచి అమ్మ, "చూసినవా? వచ్చింది గదా?" అంది.

"వచ్చిందమ్మా" అన్నాను.

అవ్వ నా నోటి నుంచి విన్న మాటే నేను అమ్మకు చెప్పానని మెట్లెక్కుతుంటే తెలిసింది. అన్నేళ్లూ అమ్మ నాకు చెప్పింది కూడా అదే మాట.

ఇదంతా మనసులో పెట్టుకుని నేను చేపల దుకాణానికి పోయాను. మేఘనకు ఎలాగైనా పాచి తినే చేప కావాలి. దుకాణం అబ్బాయి నల్లటి మచ్చల చేపను చూపించి, "సక్కర్ తీస్కపో అవ్వా. అందరు ఇదే తీస్కపోతరు" అన్నాడు.

"దాని మూతి చూపియ్యి."

"పెండ్లి చూపులా ఏంది అవ్వా?" అని నవ్వి దీపం వేశాడు. అది అద్దానికి కరుచుకుని ఉంది. మూతి కిందికే ఉంది. తిమ్మక్క చెప్పిన లెక్కకు సరిపోయింది. యాభై ఏళ్లుగా నేను పట్టుకున్న లెక్క అదొక్కటే. తీసుకుందామని నోరు తెరిచేలోపు, మేత కొనడానికి వచ్చిన ఒక టీచరమ్మ, "బంగారు చేపలుంటే అది వద్దమ్మా. మా ఇంట్ల పెద్దగయ్యింది, మూరెడు. పాచి విడిచిపెట్టి, నిద్రపోయే చేపల పక్కలకు కరుచుకుని ఒంటి మీది జిగురు నాకింది. ఒక్కొక్కటే పుండ్లు పడి పోయినయి" అంది.

మూతి కిందికి ఉన్నా నమ్మడానికి లేదు.

అబ్బాయి ఇంకో తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. మీద అంటించిన కాగితం నేనే కూడబలుక్కుని చదివాను, బ్రిసల్‌నోస్ ప్లెకో అని. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, కళ్లు మసకబారే వయసులో, మేఘన పలక మీద. చిన్న చేప, మూతి చుట్టూ మెత్తటి ముళ్లలాంటివి. అరచేతికి మించి పెరగదన్నాడు. తొట్టిలో కట్టెముక్క ఒకటి వెయ్యాలట, పాచి చాలకుంటే దోసకాయ ముక్క పెట్టాలట, ఒక తొట్టికి ఒకటే చాలట.

"తోటి చేపల జోలికి పోదు గదా?"

"కడుపు నిండ పెడితే పోదు. నేనైతే చూడలె."

"మా ఇంట్ల పోదని చెప్పు."

అబ్బాయి నా మొహం చూసి నవ్వడం ఆపాడు. "అవ్వా, కొత్త చేపను తెచ్చినంక పదిహేను రోజులు వేరే టబ్బుల పెట్టి చూడు. పాత చేప ఒకటి తోడు పెట్టు. ఏంగాకుంటే అప్పుడు కలుపు" అన్నాడు.

పాత చేప ఒకటి. ఏది పెట్టను? డాడీనా, అమ్మనా, చిన్నోడినా? ఇంకొక బంగారు చేపను కూడా సంచిలో వేయించుకుని ఇంటికి వచ్చాను.

వెనక గదిలో వెడల్పాటి టబ్బు పెట్టి, గాలి మోటారు బిగించి, పాచి పట్టిన అక్క రాళ్లు ఐదూ అందులో వేశాను. ముళ్ల చేపను అందులో వదిలాక, కొత్త బంగారు చేప పేరేమిటని మేఘన అడిగింది. వంగి, నీళ్ల మీద నా పేరు నేనే చెప్పుకుని, దాన్ని విడిచాను.

"నువ్వెందుకవ్వా? నువ్వు ఈడనే ఉన్నవు గదా" అంది పిల్ల.

ఇప్పుడు మా ఊరికి పోతే బావి లేదు. నల్లా నీళ్లు వచ్చాక మట్టి పోసి పూడ్చి, పైన సిమెంటు రోడ్డు వేశారు. అవ్వ లేదు, నాయన లేడు, అమ్మ లేదు. తిమ్మక్క కుండ లేదు. వలస పోయేవాళ్లు బస్సు దగ్గర ఫోనులో ఫొటోలు దిగి ఎక్కుతారు, పేరు చేప అంటే పిల్లలకు తెలియదు. రోడ్డు మీద ఒక్కచోట మాత్రం నడి ఎండాకాలంలో కూడా తడి కనిపిస్తుంది. ఎంత తుడిచినా మళ్లీ సన్నగా పచ్చబడుతుంది. బండ్లవాళ్లు ఎందుకో తెలియకుండానే పక్క నుంచి పోతారు.

ఈ రోజు పదకొండో రోజు. నిన్నటిదాకా నేను వేలు పెట్టగానే నా చేప వచ్చేది. ముళ్ల చేప రాళ్లను నాకుతూ తన పాటికి తానుండేది. మూడు రాళ్లు తెల్లగా బయటపడ్డాయి. పొద్దున టబ్బు దగ్గర కూర్చుని నీళ్లలో వేలు పెట్టి చాలాసేపు అయింది. గాలి బుడగలు లేస్తున్నాయి. కట్టెముక్క కింద నీడ ఉంది. అది కదలడం లేదు.

ముందుగదిలో బడికి జడలు వేసుకుంటూ మేఘన కేక వేసింది. "అవ్వా, ఈడ అందరొచ్చిండ్రు! ఆడ నువ్వొచ్చినవా?"

"వచ్చిన బిడ్డా" అన్నాను.

వేలు ఇంకా నీళ్లలోనే ఉంది.